కొట్టెయ్యని సంతకం

మా చర్చికి వందేళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా ఒక సంచిక వేస్తున్నారు. అందులో ‘మన సంఘ పెద్దలు’ అనే వ్యాసం నన్ను రాయమన్నారు. అమలాపురంలో ఇరవయ్యేళ్ల పైనుంచి పిల్లలకు సోషల్ చెబుతున్నాను కాబట్టి నాకు చరిత్ర వచ్చని వాళ్ల నమ్మకం. ఎవరెవరి గురించి రాయాలో పదకొండు పేర్లు వాట్సాప్‌లో పంపారు. పేర్ల పక్కన ఫొటోలు కూడా పెట్టారు. ఒకాయన ఫొటో ఏ పెళ్లి గుంపులోంచో కత్తిరించినట్టున్నారు, ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది.

పదకొండూ చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను. మాస్టారి పేరు లేదు. సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నెమ్మదస్తుడు.

“ఒక పేరు మర్చిపోయినట్టున్నారు బాబూ” అన్నాను, ఎవరి పేరో కూడా చెప్పాను.

“మర్చిపోలేదండీ టీచరుగారూ. పండగ పూట పాత గొడవలెందుకని వదిలేశామండీ. అయినా ఆయన పేరు మన రిజిస్టర్లో లేదు కదండీ మరి.”

“ఉండేది. కొట్టేశారు.”

“ఆయ్. అదేనండీ నేను చెప్పేదీ.”

నాకు ఒళ్లు మండింది. ఆ అబ్బాయి మీద కాదు. ఆ గొడవ జరిగినప్పుడు వాడు ఎక్కాలు చదువుకుంటున్నాడు. మండింది ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మాస్టారు మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. సన్నటి మనిషి. నడి ఎండాకాలంలో కూడా చొక్కా పైబొత్తాం పెట్టుకునేవారు. జేబులో సుద్దముక్క లేకుండా ఆయన్ని నేను చూడలేదు, రిటైరైపోయాక కూడా. గొడుగు రోజూ తెచ్చేవారు, ఏ రోజూ విప్పేవారు కాదు. వాన మొదలైతే దగ్గర్లో ఉన్న అరుగెక్కి, తగ్గేదాకా ఆ ఇంటివాళ్లకు చరిత్ర చెప్పేవారు. రాజోలు వైపు మబ్బు పట్టిందంటే మా ఊళ్లో ఎవరో ఒకరికి పానిపట్టు యుద్ధం తప్పేది కాదు. మా మామ్మ అయితే ఆయన వస్తున్నారని చూసి, చాప వేసి మరీ కూర్చునేది.

ఎవరైనా పొగిడితే “ఆయ్, సరేనండి” అని మాట మార్చేసేవారు. తిడితే మాత్రం ఆగి, “ఎందుచేత?” అని అడిగేవారు. వెటకారానికి కాదు, నిజంగా కారణం తెలుసుకోవాలనే. తిట్టినవాడికి అదే పెద్ద చిక్కు. పరీక్ష పేపర్లో కూడా అంతే. ఏం జరిగిందో రాస్తే సగం మార్కులు, ఎందుచేత జరిగిందో రాస్తే మిగతా సగం. నాకు ఎప్పుడూ సగమే వచ్చేవి.

సిలబస్‌లో లేని పాఠం ఒకటి ఆయన దగ్గర ఉండేది. గోదావరికి వరదొస్తే నది మధ్య లంక ఊళ్ల పిల్లలు బడికి రాలేరు. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. అప్పుడు కొత్త పాఠం మొదలుపెడితే రానివాళ్లు నష్టపోతారని మాస్టారు ఆ రోజుల్లో స్కాట్లండు కథ చెప్పేవారు. మా బళ్లో స్కాట్లండుకీ వరదకీ ముడి అలా పడింది. లంక పిల్లలకు మాత్రం ఆ కథ ఎప్పటికీ తెలియలేదు.

బోర్డు మీద ఎడమవైపు స్కాట్లండు పడమటి తీరం, కుడివైపు మన కోనసీమ గీసేవారు. రెండూ చివర్లు చీకిపోయిన తువ్వాళ్లలాగే ఉండేవి. “వాళ్లవీ లంకలేనమ్మా. కాకపోతే చలి లంకలు. పంటు పడవెక్కకుండా పక్క ఊరికి పోలేరు” అనేవారు. మూడున్నర శతాబ్దాల కిందట ఆ చలి లంకలను ఏలిన ఒక ప్రభువు ఉండేవాడు. మెల్లకన్ను. అసలు పేరు మాస్టారు చెప్పేవారు గానీ, మాకు నోరు తిరగక మెల్లకన్ను దొర అని పెట్టుకున్నాం.

లండన్లో ఉండే రాజు స్కాట్లండుకు ఒక కొత్త ప్రార్థన పుస్తకం పంపాడు. ఇకమీదట చర్చిల్లో ఇదే చదవాలన్నాడు. జనం ఒప్పుకోలేదు. ఒక ఆడమనిషి తను కూర్చున్న పీట తీసి గురువు మీదకు విసిరిందని అక్కడ చెప్పుకుంటారట. ఊరూరా ఒక పెద్ద కాగితం మీద సంతకాలు పెట్టారు. దాన్ని మాస్టారు ‘మహజరు’ అనేవారు. అందరూ కలిసి సంతకాలు పెట్టి పైకి పంపే కాగితానికి మా వైపు మాట అదే. మెల్లకన్ను దొర కొన్నాళ్లు ఆలోచించి ఆ మహజరు పక్షాన చేరాడు. యుద్ధాలు జరిగాయి. చివరికి ఇంగ్లండువాళ్లు రాజు తల తీసేశారు. అప్పుడా రాజు కొడుకు, కుర్రవాడు, స్కాట్లండు వచ్చి, నేను మహజరుకు కట్టుబడి ఉంటానని ఒట్టేశాడు. ఆ కుర్రవాడి నెత్తిన తన చేతులతో కిరీటం పెట్టింది ఈ దొరే.

ఇక్కడికి వచ్చేసరికి మాస్టారు రెండు చేతులూ పైకెత్తి, లేని కిరీటాన్ని మొదటి బెంచీలో ఎవరో ఒకరి తల మీద పెట్టేవారు. ఒక ఏడు నా తల మీద పెట్టారు. సుద్దపొడి నా పాపిట్లో రాలింది. తర్వాత ఆయన పైబొత్తాం సరిచూసుకుని, “తరువాయి రేపు” అనేవారు. రేపటికి వరద తగ్గేది, లంక పిల్లలు వచ్చేసేవారు, పాఠం మళ్లీ అక్బరు దగ్గరకు పోయేది. మెల్లకన్ను దొర చివరికి ఏమయ్యాడో మా క్లాసులో ఎవరికీ తెలియదు.

నేను చదువు పూర్తిచేసి అమలాపురంలో ఉద్యోగంలో చేరిన ఏడాది మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. పాస్టరుగారిని మేం అయ్యగారనే అంటాం. మంచి వక్త, ఇల్లిల్లూ తిరిగే మనిషి. లేని చెడ్డ ఆయనకు అంటగట్టను. కానీ తన మాటే సాగాలి. పాత కీర్తనల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసి, గోడకు తెర దించి కొత్త పాటలు పెట్టారు. అదైనా సర్దుకునేవాళ్లమే. సంఘ పెద్దలను అందరూ చెయ్యెత్తి ఎన్నుకోవడం మా ముత్తాతల నాటి ఆనవాయితీ. పాలికాపులుగా, కూలీలుగా బతికిన మనుషులకు ఊరు మొత్తంలో చెయ్యెత్తడానికి దొరికిన చోటు అదొక్కటే. నాట్లకు వెళ్లే ఆడమనిషి చెయ్యీ, హెడ్మాస్టరు చెయ్యీ అక్కడ సమానం. అయ్యగారు ఆ పని ఎత్తేసి, ఒక ఆదివారం పెద్దల పేర్లు తనే చదివేశారు.

మా మామ్మ లేచి నిలబడింది. పీట విసరలేదు. కళ్లజోడు తీసి, చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “చేతులు ఎప్పుడెత్తాలండీ అయ్యగారూ?” అంది.

“అయిపోయిందమ్మా, కూర్చో” అన్నారాయన.

“నేనెత్తలేదు కదండీ. ఎలాగైపోద్దండీ?”

అయ్యగార్లను వేసే పై ఆఫీసుకు పంపడానికి మహజరు మాస్టారే రాశారు. రాసిన మర్నాడే పంపేస్తారనుకున్నారు అందరూ. ఆయన రెండు నెలలు ఆపారు. ముసలివాళ్లలో చాలామందికి వేలిముద్రే. అది కుదరదన్నారు. “చెయ్యెత్తే హక్కు అడగడానికి రాసుకున్న కాగితమండీ ఇది. దీని మీద మన వేలు ఇంకోళ్లు పట్టుకుని వేయిస్తే ఏం బాగుంటుంది?” అని, సాయంత్రాలు చర్చి అరుగు మీద వాళ్లను కూర్చోబెట్టి, పలకలిచ్చి, ఎవరి పేరు వాళ్లచేత దిద్దించారు. పొలం నుంచి వచ్చిన కాళ్ల బురద కాళ్లనే ఉండేది. మగవాళ్లు నవ్వేవారు. “ఇప్పుడు సదూకుని కలెక్టర్లవుతారా?” అని వెక్కిరించేవారు. మా మామ్మ అరవై ఎనిమిదో ఏట మొదటిసారి తన పేరు తను రాసింది. నాలుగక్షరాలు, నాలుగు కొబ్బరిబోండాలంత. అవి మహజరులో మూడు సంతకాల చోటు ఆక్రమించాయి.

అమలాపురంలో ఉన్న నాకు మాస్టారు ఉత్తరం రాశారు. “మహజరు నకలు పంపుతున్నాను. చదివి, సరి అనిపిస్తేనే వచ్చి సంతకం పెట్టు. ఎందుచేత పెట్టావని ఎవరైనా అడిగితే చెప్పగలగాలి. అయ్యగారు చెడ్డవారు కారు. కాకపోతే ఆయన మందను లెక్కపెట్టుకునే కాపరి, పేరు పెట్టి పిలిచే కాపరి కాదు” అని. ఆ ఆదివారమే వెళ్లి పెట్టాను.

అయ్యగారికి బదిలీ అయింది. మేం గెలిచామనుకున్నాం. తర్వాత రెండేళ్లు మా చర్చికి పట్టిన గతి పగవాళ్లకు కూడా వద్దు. గెలిచినవాళ్లు రెండు ముక్కలయ్యారు. ఒకళ్లు వేసిన తాళం మీద ఇంకొకళ్లు తాళం వేశారు. ఒక క్రిస్మసుకు ఆరాధన రోడ్డు మీదే జరిగింది. “మనం కూడా తాళాలే వేస్తున్నామమ్మా” అని మాస్టారు నా దగ్గర బాధపడ్డారు. చివరికి ఆయనే పై ఆఫీసుకు వెళ్లి, పాత అయ్యగారినే మళ్లీ పంపమని అడిగారు. అయ్యగారు వచ్చి, పాత ఆనవాయితీ ప్రకారమే పెద్దలను ఎన్నుకుందామని, కీర్తనల పుస్తకాలు బయటకు తీయిస్తానని సంఘం ముందు మాటిచ్చారు. మాస్టారు రెండు చేతులూ ఎత్తి ఆయన భుజాల మీద శాలువా కప్పారు. నాకు మా మొదటి బెంచీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. కథ చివర తెలిసుంటే నవ్వేదాన్ని కాదు.

ఆరు నెలలు గడిచాయి. మేం పంపిన మహజరు ఎలా వచ్చిందో అయ్యగారి బల్ల మీదికి తిరిగొచ్చింది. ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టారు. చేతికి ఎర్ర పెన్నిచ్చి, ఎవరి సంతకం వాళ్లచేతే కొట్టేయించేవారు. కొట్టెయ్యనివాళ్లకు సంఘమంతా పంచుకు తినే ప్రభువు బల్లలో రొట్టె లేదు, చర్చిలో పెళ్లి లేదు, సమాధుల తోటలో చోటు లేదు.

అప్పుడు నాకు పెళ్లి కుదిరింది. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. నాది రెండుసార్లు చదివారు. మూడోది చదివే ముందు నన్నూ మామ్మనూ పిలిచారు. నేను పెన్ను తీసుకుని నా సంతకం కొట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు. మామ్మ చేతికి పెన్ను ఇచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కొట్టెయ్యడం మాస్టారు నేర్పలేదండీ” అంది.

అప్పుడు నేనే మామ్మ చెయ్యి పట్టుకుని, ఆ నాలుగక్షరాల మీద గీత గీయించాను. ఆవిడ చెయ్యి ఎంత బిగిసిందో నాకింకా తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత మామ్మ మళ్లీ ఎక్కడా సంతకం పెట్టలేదు. పింఛను కాగితం మీద కూడా వేలే వేసింది. “వచ్చు కదే” అంటే, “మర్చిపోయాన్లే” అనేది.

అంతటితో అయిపోలేదు. “నీకు ఆయన ఉత్తరాలేవైనా రాసేరామ్మా?” అని అయ్యగారు అడిగారు, మెత్తగానే. నేను హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇచ్చాను. ఆ ఉత్తరం హ్యాండ్‌బ్యాగులో ఎందుకు ఉందో కూడా చెబుతాను. అడుగుతారని తెలిసి, ఇంట్లోనే వెతికి వెంట తీసుకెళ్లాను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

మర్నాటి ఆదివారం నా పెళ్లి మూడో ప్రకటన చదివారు. తర్వాత మాస్టారి ఉత్తరం చదివారు. పైన ‘చిరంజీవి’ అని ఉన్న నా పేరు మాత్రం వదిలేసి చదివారు. కాపరి మాట దగ్గర రెండుసార్లు ఆగారు. అప్పటికి మహజరులో కొట్టెయ్యకుండా మిగిలినది మాస్టారి సంతకం ఒక్కటే. సంఘం రిజిస్టర్లోంచి ఆయన పేరు తీసేస్తున్నామని ప్రకటించారు. మాస్టారు లేచి, “ఎందుచేత?” అన్నారు. అరుగు మీద పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లంతా కొంగులు సర్దుకుంటూ కింద చూశారు. నేనూ కిందే చూశాను.

ఆయన చర్చికి రావడం మానలేదు. లోపలికి రాకుండా, ఒకప్పుడు పలకలు దిద్దించిన అరుగు మీదే కూర్చుని ఆరాధన వినేవారు. ప్రభువు బల్ల మొదలవగానే గొడుగు తీసుకుని లేచి వెళ్లిపోయేవారు. వాన పడుతున్నా విప్పేవారు కాదు. నా పెళ్లికి కూడా వచ్చి, ఆ అరుగు మీద నుంచే అక్షింతలు వేసి, పనసకాయ కూర బాగుందని వంటవాళ్లకు చెప్పి వెళ్లారు. ఉద్యోగంలో మిగిలిన కొద్ది ఏళ్లూ పరీక్ష పేపర్లు నీలం సిరాతో దిద్దారని తర్వాత తెలిసింది. ఎర్ర పెన్ను ముట్టుకోలేదట.

ఆయన భార్య మాత్రం సంతకం కొట్టేశారు. ఆయనే కొట్టెయ్యమన్నారు. ఆవిడ అమ్మా నాన్నా సమాధుల తోటలోనే ఉన్నారు, ఆవిడకూ అక్కడ చోటుండాలని. ఆవిడ పోయాక మాస్టారు పెద్ద రాయి వేయించారు. ఎడమ సగంలో ఆవిడ పేరు. కుడి సగం నున్నగా చెక్కించి ఖాళీగా ఉంచారు. కమిటీవాళ్లు ఏమీ అనలేదు. ఎప్పటికైనా దిగివస్తారులే అనుకున్నారు.

నాలుగేళ్ల కిందట ఆ కమిటీయే నన్ను ఆయన దగ్గరకు పంపింది. అప్పటికి అయ్యగారు కాలం చేశారు. కమిటీ నిండా కుర్రవాళ్లు, ఎవరికీ పాత కక్ష లేదు. “ఎర్రగీతలవీ ఏం వద్దండీ. ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టేస్తే చాలండీ. రిజిస్టర్లో మళ్లీ రాసేసుకుంటాం. రేపెప్పుడైనా ఏదన్నా అయితే అమ్మగారి పక్కన చోటు. మీ మాటైతే వింటారండీ” అన్నారు. నా మాట! సరేనని కాగితం తీసుకుని వెళ్లాను.

మాస్టారు వసారాలో కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నారు, చీపుళ్లకు. నన్ను చూసి, “రా తల్లీ, రా” అని కుర్చీ తుడిచారు. తనే లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చారు. కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు చూసినట్టు చివరిదాకా చదివారు.

“నా తప్పు ఒప్పుకుంటున్నానని ఉందమ్మా. ఏ తప్పో లేదే?”

“ఏదో మామూలుగా రాసేరండీ మాస్టారూ.”

“ప్రశ్న లేకుండా జవాబు రాయకూడదని మీకు తొమ్మిదో తరగతిలోనే చెప్పేను” అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కాగితం మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. “ఆవిడ పక్కన పడుకోవాలని నాకు లేదనుకుంటున్నావా? రోజూ ఉంటుంది. పొద్దున్న లేస్తే అదే ఆలోచన. కానీ ఆ ముసలాళ్లకి పేర్లు రాయడం నేర్పింది నేను. కొట్టేసుకున్నందుకు వాళ్లని నేనేమీ అనను, ఎవరి ఇబ్బంది వాళ్లది. ఆ కాగితం మీద ఒక్క సంతకమైనా నిలబడకపోతే, మేమెప్పుడూ చెయ్యెత్తలేదన్నట్టే అవుద్దమ్మా. మీ మామ్మ పేరు రాసిందన్న మాట కూడా అబద్ధమైపోద్ది.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడనట్టు ఒక ఈనె అందుకుని చీరడం మొదలుపెట్టారు. ఏదో ఒకటి మాట్లాడాలని, “ఆ మెల్లకన్ను దొర చివరికి ఏమయ్యేడండీ? మాకెప్పుడూ చెప్పలేదు” అన్నాను.

“వరద తగ్గిపోయేది కదమ్మా” అన్నారు. తర్వాత చెప్పారు. కిరీటం పెట్టించుకున్న కుర్ర రాజు యుద్ధంలో ఓడి దేశం విడిచి పారిపోయాడు. ఇంగ్లండు సైన్యం వచ్చి పడితే దొర వాళ్లకు లొంగి, వాళ్లతో సర్దుకుని బతికాడు. తొమ్మిదేళ్లకు రాజు తిరిగొచ్చి గద్దెనెక్కాడు. చూసొద్దామని దొర లండన్ దాకా వెళ్తే, మొహం కూడా చూపించకుండా ఖైదు చేయించాడు. విచారణలో నేరం తేలక దొర బయటపడేలాగే ఉన్నాడట. ఆఖరి ఘడియలో ఉత్తరాల కట్ట ఒకటి వచ్చింది. ఇంగ్లండు సైన్యంతో సర్దుకున్న రోజుల్లో దొర ఆ సైన్యాధిపతికి రాసిన ఉత్తరాలు. ఆ సైన్యాధిపతి ఇప్పుడు రాజుగారి మనిషి. అతనే పంపాడు. దాంతో దొర తల తీసి, ఊరి నడుమ జైలు మీద ఇనుప శూలానికి గుచ్చారు.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. మాస్టారు ఈనెల వంకే చూస్తున్నారు.

“అందరూ ఆ ఉత్తరాలు ఇచ్చినాయన్ని తిడతారమ్మా. ఎందుచేత ఇచ్చేడో ఎవరూ అడగరు. కొత్త రాజు దగ్గర ఆయనా బతకాలి కదా. ఆయన భయం ఆయనది.”

“మాస్టారండీ, ఆ రోజు ఉత్తరం…”

“టీ చల్లారిపోతోంది తల్లీ” అన్నారు.

టీ తాగాను. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను. లేచేముందు ఆయన కాగితం నా చేతికిచ్చి, “మూడేళ్లకి దింపేరు” అన్నారు.

“ఏంటండీ?”

“దొర తల. రాజే ఉత్తర్విచ్చేడు. తలనీ మొండేన్నీ ఒక్క చోటే పెట్టేరు.”

“ఎవరడిగేరండీ రాజుని?”

“పేరు తెలీదమ్మా. ఎవరో అడిగే ఉంటారు. అడక్కుండా ఎవడు దింపుతాడు?”

కిందటేడు వానాకాలంలో మాస్టారు పోయారు. చర్చి గంట కొట్టలేదు. కాలవ గట్టున ఆయన కొబ్బరి దొడ్లోనే పెట్టాం. కమిటీ కుర్రవాళ్లందరూ వచ్చారు, భుజం పట్టారు, ఒకరిద్దరు ఏడ్చారు కూడా. వాన పడుతూనే ఉంది. గొడుగు ఎవరో ఆయన పక్కనే పెట్టారు, మడిచినది మడిచినట్టే. నవంబరులో సమాధుల పండక్కి అందరూ తమ వాళ్ల రాళ్లకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడతారు. ఆయన వేయించిన రాయికి నేను సున్నం వేశాను. కుడి సగం వేస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరిదని వెయ్యాలి? మొత్తం వేసేసి వచ్చాను.

ఈ వ్యాసం కోసం పాత కాగితాలు చూసుకోమని కార్యదర్శి పోయిన శనివారం చర్చి బీరువా తెరిచి ఇచ్చాడు. కీర్తనల పుస్తకాల కింద మహజరు దొరికింది. నాలుగు పెద్ద ఠావులు, రెండు వందల పైచిలుకు పేర్లు. ఎర్రసిరా వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. మా మామ్మ నాలుగక్షరాలూ ఉన్నాయి. వాటి మీద గీత వణకకుండా తిన్నగా ఉంది, ఆ గీత నాది కాబట్టి. అట్టడుగున మాస్టారి సంతకం ఒక్కటే శుభ్రంగా ఉంది. వెనక గుండుసూదితో మాస్టారు నాకు రాసిన ఉత్తరం గుచ్చి ఉంది. సూది తుప్పు పట్టి కాగితం తింటోంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాను.

తర్వాత బ్యాగులోంచి పెన్ను తీసి, కొట్టేసిన నా సంతకం పక్కన మళ్లీ సంతకం పెట్టాను. కింద ఆ రోజు తారీఖు వేశాను. మామ్మది నేను పెట్టలేను. అది ఆవిడ చేత్తోనే పెట్టాలి, ఆవిడ లేదు.

కార్యదర్శి కంగారుపడ్డాడు. “అదేంటండీ టీచరుగారూ! పాత రికార్డండీ అది. ఇప్పుడెందుకండీ?”

“ఎందుచేత అని అడుగు బాబూ, చెబుతాను” అన్నాను. ఇక్కడ రాసినదంతా చెప్పాను, హ్యాండ్‌బ్యాగు సంగతి కూడా. వాడు ఠావులు ఒక్కొక్కటే మడతపెట్టాడు. చివరికి, “కమిటీలో పెట్టాలండీ మరి. మీ మీద కూడా ఏదన్నా అనొచ్చండీ” అన్నాడు.

“ఆయ్. పెట్టు” అన్నాను.

అందుకని, సంఘ కమిటీవారికి. పదకొండుగురి గురించి విడిగా రాసి పంపుతున్నాను. మొదటి ఫొటోలో ఉన్న అయ్యగారి గురించి కూడా మంచే రాశాను, ఆయనలో మంచి ఉంది. పన్నెండో ఆయన గురించి ఇది. మీరు వేస్తారో లేదో తెలియదు. నేను అడిగేది ఒక్కటే. సమాధుల తోటలో ఆ రాయి కుడి సగం మీద మాస్టారి పేరు చెక్కించండి. మనిషిని అక్కడికి తీసుకురాలేం, పేరైనా ఆవిడ పక్కన ఉండనివ్వండి. ఎవరో ఒకరు అడగాలి కదా, నేను అడుగుతున్నాను.

ఇన్ని పేజీల్లో ఎక్కడా ఆయన పేరు రాయలేదు. కాగితం మీద రాస్తే మళ్లీ ఎవరైనా ఎర్ర పెన్ను తీస్తారని భయం. అది రాయాల్సిన చోటు ఆ రాయి. నా పేరు మాత్రం కింద పూర్తిగా రాసి సంతకం పెట్టాను. కొట్టెయ్యాలనుకుంటే అది కొట్టేసుకోండి. ఈసారి నా చేత్తో మాత్రం కొట్టెయ్యను.